పెద్దాయన దీపం, మా అక్క చింతపండు

శుక్రవారం మధ్యాహ్నం రెండుంపావుకు మా అక్క చింతపండు నానబెట్టింది. అందులో విశేషమేమీ లేదు. ఆ రోజుల్లో మా అక్క ఎక్కడికి వెళ్ళినా ఆవిడ చేతిసంచిలో హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్లో కొన్న చింతపండు పొట్లమో కరివేపాకో ఉండేది. టైము అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ పెద్దాయన నాలుగింటికల్లా వచ్చేస్తానన్నాడు. నేను హాల్లో గోడగడియారం చూసుకుని, ఇంకా బోలెడు టైముందని సంతోషించి, పని మానేసి లోపలి గదిలో ఒక పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి గిన్నె చప్పుడు వినిపించింది. పులుసు కాబోలు అనుకున్నాను.

మా అక్క పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం రోజున భోజనాలయ్యాక కొందరు లేచి ఆవిడ గురించి మాట్లాడారు. ఒకాయన, ఆవిడ దీపంలాంటి మనిషి అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. మా అక్క దీపంలాంటిది కాదు. దీపాలు తోమే రకం. ఆ రెంటికీ తేడా ఉంది. అది తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ, సిడ్నీలో సముద్రం వైపు ఒక పాత ఇంట్లో ఉండే పెద్దాయనా. ఆయన మా అక్క కన్నా చాలా ముందే పోయాడు.

ఒలింపిక్స్ అయిపోయిన మరుసటేడు సంగతి ఇది. అక్క అకౌంట్స్ చదువుతోంది, నేను లైబ్రరీ సైన్సు. చదువుకోడానికి వచ్చినవాళ్ళం చదువొక్కటి తప్ప మిగతా పనులన్నీ చేసేవాళ్ళం. పెట్రోలు బంకులు, ఆఫీసులు ఊడవడాలు, పెళ్ళిళ్ళలో వడ్డనలు. అలాంటి రోజుల్లో యూనివర్సిటీలో నోటీసు బోర్డు మీద, పాత పుస్తకాలు దులిపి పెట్టెల్లో సర్దడానికి మనిషి కావాలని ఒక చీటీ కనిపించింది. అది నాకోసమే పుట్టిన ఉద్యోగమనుకుని, ఉన్న ఒక్క టై కట్టుకుని వెళ్ళాను. (టై కట్టుకుని దుమ్ము దులపడానికి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.) తలుపు తీసినాయన పొట్టిగా, తెల్లటి చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని ఉన్నాడు. రిటైరైన పళ్ళ డాక్టరు. యూదుల పాత పుస్తకాలూ, చేతిరాత ప్రతులూ, బొమ్మలూ, పూజాసామగ్రీ బతుకంతా వెతికి వెతికి కొని ఇల్లు నింపేశాడు. భార్య పోయింది. కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు.

“మా వాళ్ళ గురించి నీకేమన్నా తెలుసా?” అని అడిగాడు. మిషన్ స్కూల్లో చదివాను సర్, ప్రవక్తల పేర్లన్నీ వరసగా వచ్చు అన్నాను. చెప్పమన్నాడు. మా టీచరమ్మ నేర్పిన రాగంలో, తెలుగు పలుకుబడిలో, గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసేసి నవ్వాడు. “ఈ పేర్లు మీ ఊళ్ళో ఎవరికి కావాలయ్యా?” అన్నాడు. మా వీధిలో ఎలక్ట్రీషియన్ పేరు మోషే అండీ, ఫ్యూజు పోతే ఆయన్నే పిలుస్తాం అన్నాను. దాంతో ఉద్యోగం ఖాయమైంది.

ఆ మొదటి వారమే పైఅరలో పుస్తకాలన్నీ ఎవరో తలకిందులుగా, వెనక్కి తిప్పి పెట్టారని కనిపెట్టి, పొద్దుట్నుంచీ శ్రమపడి అన్నిటినీ సరిగ్గా పెట్టాను. హీబ్రూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుందని లైబ్రరీ సైన్సువాళ్ళు ఇంకా చెప్పలేదు. పెద్దాయన వచ్చి ఆ అరకేసి కాసేపు చూసి, “నా ప్రవక్తలందర్నీ కాళ్ళు పైకి కట్టి వేలాడదీశావు. వాళ్ళకిది కొత్తేం కాదులే,” అన్నాడు. ఆయన హాస్యం అలాగే ఉండేది. నవ్వాలో మానాలో తెలిసేది కాదు.

ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్పడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. అంచుల నిండా పిట్టలూ పూలతీగలూ గీసిన పెళ్ళి ఒప్పందాలు ఉండేవి. మతగ్రంథంలో అక్షరాల్ని వేలితో ముట్టకూడదు గనక చదివేటప్పుడు పట్టుకునే వెండి పుల్ల, చివర చిన్న చెయ్యి, దానికో చూపుడువేలు. శనివారం సాయంత్రం వాసన చూడ్డానికి లవంగాలు పోసే గోపురంలాంటి డబ్బీ. హాలు మధ్యలో, పైకప్పు నుంచి వేలాడుతూ ఒక ఇత్తడి నూనెదీపం. నక్షత్రంలా చుట్టూ కొమ్ములు, ఒక్కో కొమ్మూ ఒక్కో వత్తికి. మన గర్భగుడుల్లో వేలాడే దీపాలకి దూరపు చుట్టంలా ఉండేది. ఒళ్ళంతా నల్లగా మసి, కొమ్ముల మూలల్లో పచ్చటి చిలుము.

ఆ దీపం కథ మొదటిరోజే చెప్పాడు, అదీ రెండు ముక్కల్లో. చిన్నప్పుడు, యూదుల వేట మొదలయ్యాక, వాళ్ళమ్మ ఆయన్ని ఒక రైలెక్కించి, తను ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది. యుద్ధమయ్యాక ఎన్నో ఏళ్ళకి ఆ ఊరు వెళితే వాళ్ళింట్లో వేరేవాళ్ళున్నారు. తలుపు తీసినావిడ లోపలికి రమ్మనలేదు. ఊరి చివర పాతసామాన్ల దుకాణంలో, గుర్రపు జీన్ల కింద ఈ దీపం దొరికింది. “మీ అమ్మగారిదా సర్?” అని అడిగాను. “కాదు. ఎవరి అమ్మదో,” అన్నాడు. “ఆఖరి శుక్రవారం వెలిగించింది. మసి తుడిచే టైము ఇవ్వలేదు ఆవిడకి.” అందుకని ఆయన కూడా తుడవలేదు.

ఇప్పుడు ఆయన కోరుకునేదల్లా ఒకటే. తను ఊరికొకటిగా ఏరి తెచ్చినవన్నీ మళ్ళీ ఊరికొకటిగా పోకూడదు. ఒక మ్యూజియంవాళ్ళు అన్నీ తీసుకుని ఒకే గదిలో పెడతామని మాట మాత్రం ఇచ్చారు. పుస్తకాల సంగతి తేలిపోయింది. సామాన్ల సంగతే మిగిలింది. వెండి డబ్బీలూ గిన్నెలూ తమకున్నాయనీ, ఇలా వాడిన గుర్తులతో ఉన్న దీపం మాత్రం లేదనీ, దాని చుట్టూనే గది అమరుస్తామనీ అన్నారట. ఆ సోమవారం వాళ్ళ తరఫున ఒకావిడ దీపం చూడ్డానికి వస్తోంది. వాళ్ళు వద్దంటే కొడుకు వేలానికి పెట్టేస్తాడు. అది కొడుకే ఫోన్లో చెప్పాడు, దాచుకోలేదు.

సోమవారంలోగా సర్దుడు ముగించడానికి సాయంగా అక్కని తెచ్చాను. మొదటిసారి చూడగానే ఆవిడ, “హలో అంకుల్, బాగున్నారా?” అని సగం ఇంగ్లీషూ సగం తెలుగూ కలిపి అంది. మనం పెద్దవాళ్ళనందర్నీ అలాగే పిలుస్తాం. పెద్దాయన మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు. “నన్ను అంకుల్ అని పిలవాల్సినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు,” అన్నాడు. అక్కకి అర్థం కాలేదు. “ఏరీ అంకుల్, ఇండియాలో లాగా అందరూ దూరంగా సెటిలయ్యారా?” అంది. “అవును. అందరూ,” అన్నాడాయన. తర్వాత ఆవిడ లవంగాల డబ్బీ వాసన చూసి, “ఇవి పాతబడిపోయాయి అంకుల్, నేను ఫ్రెష్‌వి తెస్తాను,” అంటే ఈసారి నిజంగానే నవ్వాడు. దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి అని నాతో అన్నాడు. డబ్బీ సంగతి అనుకున్నాను.

ఇక శుక్రవారం. పెద్దాయన అటు వెళ్ళగానే అక్క దీపం కింద నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తల పైకెత్తి చూసింది.

“ఒరేయ్, ఇది దేవుడి దీపమేనా?”

నాకు అంతకంటే ఏం కావాలి? పరిశోధకుడిలా గొంతు సవరించుకున్నాను. “సబ్బాతు దీపం అంటారక్కా. శుక్రవారం పొద్దుగూకే ముందు ఇంటి ఇల్లాలు వెలిగిస్తుంది.”

“శుక్రవారమా! ఇవాళ శుక్రవారమే కదరా!”

“అవును.”

“ఆంటీ పోయాక పట్టించుకున్నవాళ్ళే లేరు పాపం. సోమవారం ఎవరో పెద్దావిడ కూడా వస్తోందన్నావు. ఈ మసి కొంప చూసి ఏమనుకుంటుంది?”

నేను ఉపన్యాసం బాగా కుదిరిందన్న తృప్తితో లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచాను. కాసేపటికి స్టూలు జరిగిన చప్పుడు, గొలుసు చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు బరబరమని రుద్దే చప్పుడు. పులుసుకి ఇంత రుద్దుడేమిటని నాకు తట్టలేదు. నేను చదువుతున్నది, మీరు నమ్మరు గానీ, పాత వస్తువుల్ని పాతగానే ఎలా కాపాడాలన్న పాఠ్యపుస్తకం.

బయటికొచ్చేసరికి హాలు మారిపోయింది. దీపం మళ్ళీ తన గొలుసుకి వేలాడుతోంది. బంగారం అనను. కొత్త ఇత్తడి. కిటికీలోంచి వచ్చే ఎండ కొమ్ముకొమ్ముకీ తగిలి గోడలమీద పడుతోంది. మా అక్క ముంజేతుల దాకా నలుపు, మొహం నిండా చెమట. “గురువారమే తోమాలి, శుక్రవారం తోమకూడదు. వాళ్ళ దేవుడికి ఆ పట్టింపు ఉండదులే,” అంది. నిజం చెబుతున్నాను, నాకు మొదట కలిగిన ఆలోచన ‘ఎంత బాగుంది’ అనే. రెండో ఆలోచన వచ్చేటప్పటికి తలుపులో తాళంచెవి తిరిగింది.

“సర్‌ప్రైజ్ అంకుల్!” అంది అక్క.

పెద్దాయన టోపీ తియ్యలేదు. “దేంతో?” అన్నాడు.

“టామరిండ్ అంకుల్. కొంచెం సాల్ట్. నో కెమికల్స్.”

“ఆ నీళ్ళు?”

“ఏ నీళ్ళు అంకుల్?”

“కడిగిన నీళ్ళు.”

“పారబోశాను కదా. సింకు కూడా తోమేశాను.”

ఆయన వంటింట్లోకి నడిచాడు. మేం వెనకాలే వెళ్ళాం. సింకు అద్దంలా ఉంది. మా అక్క ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఆయన వంగి, కన్నం చుట్టూ చూపుడువేలితో ఒకసారి తడిమి, వేలు వెలుతుర్లో పెట్టి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. కుళాయి కట్టేసి ఉన్నా మళ్ళీ ఒకసారి కట్టేశాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు.

ఏదో జరిగిందని అక్కకి అప్పుడు తెలిసింది. “ఏంట్రా? ఏమైంది? కంచుదా? రంగు పోయిందా?” అంది నాతో. నేను తెలుగులో చెప్పాను, రెండు ముక్కల్లోనే, ఆయన నాకు చెప్పినట్టు. మసి ఎవరిదో చెప్పాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. ఇంకా నల్లగానే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలీక, కడుక్కోలేక, ముందుకు చాపి పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ముక్కు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటోంది. అది నవ్వొచ్చే దృశ్యమే. ఎవరూ నవ్వలేదు.

కిటికీలో ఎండ దిగిపోవడం చూసి పెద్దాయన అన్నాడు. “ఇంక చాలు. శుక్రవారం పొద్దుగూకితే మాలో ఏడవకూడదు.”

“మా అమ్మ కూడా అదే అంటుంది అంకుల్,” అంది అక్క ఎక్కిళ్ళ మధ్య. “దీపాలు పెట్టేవేళ ఏడవద్దని.”

“అయితే మీ అమ్మ చెప్పిందైనా విను.”

దీపం మాత్రం వెలిగించలేదు. ఇలాంటి కథల్లో వెలిగిస్తారు. ఆయన సేకరించేవాడు, నమ్మేవాడు కాదు. మమ్మల్ని చీకటి పడకముందే రైలెక్కమని పంపేశాడు. హారిస్ పార్క్‌లో దిగేదాకా అక్క చేతులు ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి అన్నం నేనే కలిపి పెట్టాను.

సోమవారం మ్యూజియం ఆవిడ తెల్లటి చేతితొడుగులతో, భూతద్దంతో వచ్చింది. దీపం చూడగానే భూతద్దం తిరిగి సంచిలో పెట్టేసింది. “దీన్నెవరు శుభ్రం చేశారు?” అంది. “నేనే. ముసలితనం. మతి ఉండటం లేదు,” అన్నాడు పెద్దాయన. ఆవిడ ఆయన్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. బతుకంతా సేకరించినవాడు సొంత చేతుల్తో ఈ పని చేసుకున్నాడా అని. నాకైతే అక్కడితో ఊరుకుంటే పోయేది అనిపించింది. కానీ టీ కప్పులతో వంటింట్లోంచి వచ్చిన మా అక్క ఊరుకోలేదు.

“నో నో మేడమ్! అంకుల్ అబద్ధం చెబుతున్నారు. ఐ ఓన్లీ డిడ్ ఇట్. టామరిండ్‌తో. కావాలంటే ఎలా చేశానో స్టెప్ బై స్టెప్ చెబుతా.”

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. వచ్చినావిడకి చెప్పడానికి ఒక అబద్ధమన్నా మిగలకుండా చేసింది మా అక్క, నిజాయితీతో. మ్యూజియం ఆవిడ ఆ రోజంతా మర్యాదగానే మాట్లాడింది. తర్వాత ఫోను వచ్చింది. పుస్తకాలూ చేతిరాతలూ తీసుకుంటారు, గది ఆలోచన మాత్రం విరమించుకున్నారు. దీపం ఒక్కదాని వల్లేనా, వాళ్ళకి ముందే మనసు మారి దీపం సాకు దొరికిందా, నాకు తెలీదు. పెద్దాయనా అడగలేదు. అడిగితే మా అక్కకి ఏదో ఒక సమాధానం చెప్పాల్సి వస్తుందని కావచ్చు.

కొడుకు వచ్చాడు. మంచి సూటు, చెడ్డవాడేం కాదు. “ఒకందుకు ఇదే మంచిది డాడ్,” అన్నాడు. మేం కట్టిన పెట్టెలే మేం విప్పి మళ్ళీ వేరుగా కట్టాం. లవంగాల డబ్బీ ఒక దేశానికి, వెండి చెయ్యి ఇంకో దేశానికి పోయాయని తర్వాత తెలిసింది. దీపాన్ని వేలంవాళ్ళు కూడా వద్దన్నారు. కొత్తగా పోతపోసిన నకలులా ఉందట. ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి వెళ్ళేముందు పెద్దాయన అక్కకి ఫోన్ చేసి, “వచ్చి నీ దీపం తీసుకుపో,” అన్నాడు.

నీ దీపం. అది ఇవ్వడమో ఒక మాట అనడమో ఇన్నేళ్ళూ ఆలోచించాను, తేలలేదు. అక్కకి ఆ అనుమానం రాలేదు, లేదా రాలేదన్నట్టు ఉండేది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. వృద్ధాశ్రమానికి తాజా లవంగాల పొట్లం పట్టుకెళ్ళింది కొన్నిసార్లు. ఒకసారి వెళితే ఆయన మంచంలో వేరే ఆయన ఉన్నాడు. మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. మేం ఆయనకి ఏమవుతాం గనక.

తర్వాత అక్క పెళ్ళి, ఉద్యోగం, పిల్ల, ఊరి చివర ద పాండ్స్ అనే పేటలో ఇల్లు. పూజగదిలో మా దేవుళ్ళ మధ్య ఆ దీపం. ప్రతి గురువారం చింతపండుతో తోమేది. ప్రతి శుక్రవారం పొద్దుగూకే ముందు నువ్వులనూనె పోసి వెలిగించేది. హెలెన్స్‌బర్గ్ గుడికి కార్లో కలిసి వెళ్ళే ఆంటీలు, “ఇది ఏ గుళ్ళోదమ్మా, ఎక్కడ కొన్నావు?” అని అడిగితే, “మా అంకుల్ వాళ్ళమ్మది,” అనేది. ఒకసారి నేను ఉండబట్టలేక, “ఆయనమ్మది కాదక్కా, ఎవరి అమ్మదో,” అన్నాను. “నీకు తెలుసా? నువ్వు చూశావా?” అని కసిరింది. ఇంత జరిగాక కూడా ఇంకా తోమడమెందుకని అడిగితే మాత్రం కసరలేదు. “ఒకసారి చెయ్యి పెట్టాక మధ్యలో వదిలేస్తే అది ఇంకా పాపంరా,” అంది.

ఆఖరి నెలల్లో ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన ఒక శుక్రవారం, బావ స్టూలు పట్టుకుంటే తనే ఎక్కి వెలిగించింది. ఆ వచ్చే గురువారానికి లేవలేకపోయింది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. పూజగది చూశాను. దీపం నల్లబడింది. నేను వెళ్ళేదారిలో హారిస్ పార్క్‌లో దిగి చింతపండు కొన్నాను, ఎందుకో అప్పటికి నాకే తెలీదు. యాభై దాటిన లైబ్రేరియను, జేబులో చింతపండు పొట్లంతో రైల్లో కూర్చోవడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. స్టూలు జరుపుకుని ఎక్కబోతుంటే వెనక మా మేనకోడలు నిలబడి ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. ఈ కథ ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

“డోంట్ క్లీన్ ఇట్, మామా.”

“మసిపట్టింది కదమ్మా.”

“ఐ నో,” అంది. “దట్స్ మమ్స్.”

నేను స్టూలు దిగి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను. చింతపండు బావకిచ్చాను, ఆ రాత్రి చారు పెట్టాడు, ఉప్పు ఎక్కువైంది. తిన్నాం.

మా అక్క ఇంట్లో ఇప్పుడు దీపం తోమడం లేదు.